నలభై ఐదు నిమిషాలు

కొయాయ్‌కే దాటి దక్షిణానికి దిగాక
ఒకచోట తారు రోడ్డు ఇక నావల్ల కాదంటుంది.
అక్కణ్ణుంచి అంతా కంకరే.
కంకర మాట్లాడుతుంటే మేం వింటాం.

జనవరి. మాకు నడివేసవి.
ముందు అద్దానికి ఏనాటిదో ఒక పగులు.
ఏటా దాని కొస దగ్గర
మార్కరుతో తేదీ వేస్తాడు ఒస్వాల్దో.
పిల్లల ఎత్తు గోడమీద గీసుకోవాలని
మాకెప్పుడూ తోచలేదు.

వ్యాను పక్కతలుపు గడియ లోపలినుంచే పడుతుంది.
ముందు సీటుకి అడ్డంగా సామాన్ల గోడ.
కాబట్టి గడియ వేసినవాడు కిటికీలోంచి దూకాలి.
ఆరేళ్ళుగా అది ఎలిసేయో ఉద్యోగం.
ఈసారి భుజాల దగ్గర ఇరుక్కున్నాడు.
లాగాం, నవ్వాం, మళ్ళీ లాగాం.
చొక్కా గుండీ ఒకటి అక్కడే పోయింది.

దారి మొదట్లో చెక్క పలక:
"హిమానీనదం కనిపించే చోటు, నలభై ఐదు నిమిషాలు."
బడిలో గంట కొట్టేదాన్ని నేను.
నలభై ఐదు నిమిషాలంటే ఒక పీరియడు.
ఆ పలక రాసినవాడికి
పిల్లలు లేరని మాత్రం గట్టిగా చెప్పగలను.

మొదటిసారి వచ్చినప్పుడు రాయెన్‌కి నాలుగేళ్ళు.
కనిపించిన ప్రతి గుంటనీ పలకరించింది.
చచ్చిన పేడపురుగుకి అంత్యక్రియలు చేసింది,
మా అందరిచేతా టోపీలు తీయించి.
వీపుమీద వీడు,
నా జుట్టు కళ్ళెంలా పట్టుకుని.
మూడున్నర గంటలకి దుంగల వంతెన దాకా వచ్చాం.
"ఇదే ఆ చోటు" అన్నాను.
వాగుని చూసి చప్పట్లు కొట్టారు ఇద్దరూ.

అలా మూడేళ్ళు
వాగునే హిమానీనదమనుకున్నారు.

చదవడం వచ్చింది దానికి.
"అమ్మా, బాణం ఇంకా పైకి చూపిస్తోందే!"
ఏం చెప్తాను?
పైకి నడిచాం.
అప్పటినుంచీ నా నోట ఒకటే మాట,
ఇంకొక్క మలుపే, బంగారం, ఇంకొక్క మలుపే.
ఆ మాట మీద వాళ్ళని ఎన్ని కొండలు ఎక్కించానో.

ఇప్పుడు దానికి పద్నాలుగు.
వంతెన దగ్గర వెనక్కి తిరిగి చూడలేదు.
చెవుల్లో ఏదో పెట్టుకుని
చెట్లలోకి వెళ్ళిపోయింది.
వాడు దాని వెనక, నోరంతా కలఫాతే పళ్ళ ఊదారంగు.
ఆ పండు తిన్నవాళ్ళు మళ్ళీ ఇక్కడికొస్తారని
మావైపు ఒక నమ్మకం.
ఎవరితో వస్తారన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఒస్వాల్దో మోకాలు పట్టుకుని బండమీద కూలబడ్డాడు,
మాతే గిన్నె ఒళ్ళో పెట్టుకుని.
"నువ్వు పో, నేను ఈ చెట్టుని చూస్తా" అన్నాడు.

నేను నడిచాను.
కాళ్ళకి రాయెన్ బూట్లు.
దానికి బిగుతైపోయాయని పారేయబోతే తీసుకున్నా.
అక్క బట్టలు చెల్లెలికొచ్చినట్టు
కూతురి బూట్లు నాకొచ్చాయి.
మడమ దగ్గర దాని నడక అరిగిన చోట
నా నడక కుదరడం లేదు.

ఊపిరందక నిలబడ్డాను.
పైనుంచి రాళ్ళు దొర్లిన చప్పుడు.
అదే. నాకోసం దిగొచ్చింది.
నా సంచీ లాక్కుని
తన భుజాన వేసుకుని అంది:
"ఇంకొక్క మలుపే."

నాలుగున్నాయి. లెక్కపెట్టాను.

పైన, కొండ రొమ్ముకి వేలాడుతూ నీలిమంచు.
ఒక పెచ్చు విడిపోయి రాలింది.
చప్పుడు లేదు.
అది కిందపడి పొడైపోయాక
అప్పుడొచ్చింది ఉరుము.
"ఎప్పుడూ ఇంత ఆలస్యమేనా?" అన్నాడు ఎలిసేయో,
రొట్టె నములుతూ.

సాయంత్రం సరస్సు పక్కన బండి ఆపాం.
గడియ ఎవరు వేయాలి?
నలుగురం ఒకర్నొకరు కొలుచుకున్నాం.
ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని
నేనేనని తేలింది.

గడియ వేసి, ఒక కాలు బయటపెట్టి
కిటికీ మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నాను.
కింద రాయెన్ చేయి చాపింది.
"మెల్లిగా. ఎడమపక్క బురదుంది"
అంది, అచ్చం నా గొంతుతో.